మా దగ్గర బాగానే వస్తోంది సార్

కంప్యూటర్ రిపేరు శాస్త్రం మానవాళికి ప్రసాదించిన వాక్యాల్లో దీన్ని మించింది లేదు: "మా దగ్గర బాగానే వస్తోంది సార్." దీన్ని శాస్త్రీయ నియమంగా గుర్తించి పాఠ్యపుస్తకాల్లో చేర్చాలని నా మనవి. నియమం ఏమిటంటే, పొద్దున పూట డిస్‌ప్లే రాని ఏ డెస్క్‌టాప్ అయినా సరే, దాన్ని బాగుచేయాల్సిన మనిషి ముందు పెట్టిన మరుక్షణం డిస్‌ప్లే వచ్చి తీరుతుంది. మినహాయింపులు లేవు.

జబ్బు ఏమిటో మీకు వివరంగా చెప్పక్కర్లేదు, ఇక్కడిదాకా చదివారంటే మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. రాత్రంతా ఆపి ఉంచిన మెషీన్‌ని పొద్దున్నే ఆన్ చేస్తారు. ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, మానిటర్ మాత్రం "నో సిగ్నల్" అని చెప్పి నిద్రలోకి జారుకుంటుంది. కీబోర్డు మీద నమ్‌లాక్ నొక్కితే దీపం ఉలకదు పలకదు. బటన్ నొక్కిపట్టి ఆపుతారు, మళ్లీ ఆన్ చేస్తారు, మళ్లీ అదే, రీసెట్, ఇంకోసారి, ఇంకోసారి, ఉన్నట్టుండి లోగో ప్రత్యక్షమవుతుంది. ఇక ఆ రోజంతా దానంత బుద్ధిమంతమైన యంత్రం ఇంకోటి ఉండదు. ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా వస్తుంది, గంటల తరబడి గేమ్ ఆడినా కిక్కురుమనదు. మర్నాడు పొద్దున కథ మళ్లీ మొదలు.

అంటే ఇది చల్లగా ఉన్నప్పుడు మాత్రమే కనిపించే జబ్బు. దాన్ని చూడాలంటే మెషీన్‌ని చల్లబడనివ్వాలి. ఇంతే. ఇది అర్థం కావడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు, కొంచెం ఓపిక ఉంటే చాలు. ఆ కొంచెమే లేదు.

పరీక్ష ఎలా జరుగుతుందో చూడండి. యజమాని పొద్దున కుస్తీ పట్టి ఎలాగో ఆన్ చేసి, ఎందుకైనా మంచిదని ఫైళ్లన్నీ బ్యాకప్ తీసుకుని, మెషీన్ బాగా వేడెక్కాక ఆపి, మోసుకొచ్చి నిపుణుడి బల్ల మీద పెడతాడు. నిపుణుడు వైర్లు తగిలించి బటన్ నొక్కుతాడు. వస్తుంది.

"వచ్చింది కదా సార్."

"పొద్దున రాలేదండీ."

"ఇప్పుడు వచ్చిందిగా."

"పొద్దున పూట మాత్రమే రాదండీ, రాత్రంతా ఆపి ఉంచితేనే..."

"ఒక్క నిమిషం ఉండండి సార్." ఆపుతాడు, ఆన్ చేస్తాడు, వస్తుంది. ఆపుతాడు, ఆన్ చేస్తాడు, వస్తుంది. ఇప్పుడతనికి ఊపొచ్చింది. నొక్కిన ప్రతిసారీ మెషీన్ ఇంకాస్త వేడెక్కుతోంది, అంటే అతను చేస్తున్న ప్రతి పరీక్షా దానికి ఒక డోసు మందే, మందు వేసి మరీ రోగం లేదని నిరూపిస్తున్నాడు. చివరికి నుదుటి చెమట తుడుచుకుని, "ఇరవై సార్లు చేశాను సార్, ఇరవై సార్లూ వచ్చింది, మీరే ఏదో పొరబడ్డారు" అంటాడు. యజమాని తలదించుకుని, ఆఖరి ప్రయత్నంగా, "పోనీ రాత్రికి ఇక్కడే ఉంచుకుని రేపు పొద్దున మీరే మొదటిసారి ఆన్ చేసి చూడండి" అని బతిమాలతాడు. "దానికేముంది సార్, అలాగే."

రేపు పొద్దున అవుతుంది. నిపుణుడి కన్నా ముందు అతని అసిస్టెంటు వస్తాడు, బల్ల మీద ఉన్న మెషీన్లన్నీ ఆన్ చేసి పెట్టడం అతని రోజువారీ పని. నిపుణుడు వచ్చేసరికి మన మెషీన్ చక్కగా డెస్క్‌టాప్ చూపిస్తూ కూర్చుని ఉంటుంది. వెంటనే యజమానికి ఫోన్: "రాత్రంతా ఉంచాం సార్, పొద్దున్నే చూశాను, డిస్‌ప్లే బ్రహ్మాండంగా ఉంది." అసిస్టెంటుని ఎవరైనా అడిగితే చెప్పేవాడు, "మొదట రాలేదన్నా, రెండు మూడు సార్లు నొక్కితే వచ్చింది" అని. ఎవరూ అడగరు. ఈ మొత్తం కేసులో నేరం కళ్లారా చూసిన ఏకైక సాక్షి అతను, అతని దృష్టిలో అది చెప్పుకోవాల్సిన విషయమే కాదు.

సరే, రోగం లేదని తేలింది కాబట్టి వైద్యం మొదలవుతుంది. "మీ తృప్తి కోసం ఒకసారి ఫార్మాట్ కొట్టేస్తాను సార్." అంటే డిస్క్ తుడిచేసి విండోస్ మళ్లీ ఎక్కించడం. విండోస్ చేసిన పాపం ఏమిటి? బటన్ నొక్కగానే మదర్‌బోర్డు ముందు తనను తాను పరీక్షించుకుంటుంది, ప్రాసెసర్ ఉందా, ర్యామ్ పలుకుతోందా, గ్రాఫిక్స్ ఉందా అని, దాన్నే పోస్ట్ అంటారు. అది దాటాకే డిస్క్ వైపు చూసి విండోస్‌ని పిలుస్తుంది. మన మెషీన్ లోగో దాకా కూడా రావడం లేదు. విండోస్ డ్రైవ్‌లో హాయిగా నిద్రపోతోంది, దాన్ని ఎవరూ లేపనే లేదు. లోగో వచ్చి ఆ తర్వాత తెర నల్లబడితే అది వేరే సంగతి. విండోస్ 8 వచ్చిన 2012 నుంచి మామూలుగా షట్ డౌన్ అంటే పూర్తిగా ఆపడం కాదు, ఫాస్ట్ స్టార్టప్ పేరుతో కొంత భాగాన్ని డిస్క్‌లో దాచి పడుకోబెట్టడం, దాన్ని ఆఫ్ చేసి చూడొచ్చు, భాగాలని విండోస్‌తో మాట్లాడించే డ్రైవర్లనే ప్రోగ్రాములని అనుమానించొచ్చు. లోగోయే రాని మెషీన్‌ని ఫార్మాట్ చేయడం మాత్రం శుద్ధ దండగ, అందులో పోయేవి మీ ఫోటోలు.

ఇంకో శాఖ వాళ్లున్నారు, వాళ్లది థర్మల్ పేస్ట్ మతం, ప్రాసెసర్ వేడిని బయటికి లాగడానికి పూసే పేస్ట్ అది. "ప్రాసెసర్ మీద పేస్ట్ ఎండిపోయింది సార్, మార్చేద్దాం." వేడి ఎక్కువైతే ఆగిపోయే మెషీన్‌కి వేసే పట్టీని, వేడెక్కితే తప్ప నడవని మెషీన్‌కి వేస్తారు. చలికి వణుకుతున్నవాడికి విసనకర్ర పట్టడం ఇది.

మూడో శాఖది రబ్బరు. ర్యామ్ తీసి, పెన్సిల్ రబ్బరుతో దాని కాళ్లు రుద్ది, మళ్లీ పెట్టు. వీళ్లని పూర్తిగా కొట్టిపారేయలేం, ర్యామ్ తీసి పెట్టడం వల్ల నిజంగానే కొన్ని మెషీన్లు బాగుపడతాయి, స్లాట్‌లో కాంటాక్ట్ సరిగ్గా లేకపోతే. అలా బాగుపడ్డ కొన్నింటి వల్లే ఇది మతమైంది. కానీ ఆ కాళ్లకి ఉన్న బంగారు పూత చాలా పల్చన, రబ్బరు దాన్ని గీకుతుంది, పొడి స్లాట్‌లో రాలుతుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే సరిపోయేదానికి ఈ చెక్కుడు దేనికి? పైగా ర్యామ్ తీసేలోపు ఆ మెషీన్‌ని ఎన్నోసార్లు ఆన్ చేసి ఉంటారు, అది వేడెక్కి తనంతట తాను లేచే సమయానికి రబ్బరు చేతిలో ఉంటుంది, పేరు రబ్బరుకి దక్కుతుంది. ర్యామ్‌నే అనుమానించాలంటే బోర్డు సెట్టింగులుండే బయోస్‌లో, ర్యామ్‌ని ఎక్కువ వేగంతో నడిపే ఎక్స్ఎంపీని ఆపేసి, స్టిక్కర్ మీద రాసిన గొప్ప వేగాన్ని మామూలు వేగానికి దించి, ఒక్క స్టిక్‌తో రాత్రి ఆపి పొద్దున ఆన్ చేసి చూడాలి. మళ్లీ రాత్రి! ఎవరు ఆగుతారు?

మానిటర్ సంగతి తొందరగా ముగిద్దాం. కేబుల్‌ని గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా మదర్‌బోర్డుకి పెట్టారేమో మెషీన్ వెనక ఒకసారి చూడండి. మానిటర్‌కి డిస్‌ప్లేపోర్ట్ రకం కేబుల్ వాడుతుంటే ఒక రోజు హెచ్‌డీఎంఐ రకంతో ప్రయత్నించండి. కొన్ని పాత ఎన్విడియా కార్డులు డిస్‌ప్లేపోర్ట్ 1.3, 1.4 మానిటర్లతో విండోస్ వచ్చేదాకా తెర నల్లగానే ఉంచేవి, దానికి 2018లో కార్డు లోపలి ప్రోగ్రాముకి, అంటే ఫర్మ్‌వేర్‌కి, అప్‌డేట్ కూడా ఇచ్చారు. కొన్ని నాసిరకం డిస్‌ప్లేపోర్ట్ కేబుళ్లలో 20వ పిన్ కలిపి ఉంటుంది, ప్రమాణం ప్రకారం కలపకూడదు, కలిపితే మానిటర్ నుంచి కరెంటు కార్డులోకి ఎదురొచ్చి మెషీన్ లేవడాన్ని చెడగొట్టొచ్చు. ఇవి కాదని తేలాకే కేబినెట్ విప్పండి.

ఇక పాత మెషీన్లలో నా మొదటి అనుమానం, ఎవరూ చూడనిది, పవర్ సప్లై. అందులో వోల్టేజీని నిలకడగా ఉంచే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఉంటాయి, లోపల ద్రవం ఉన్నవి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ద్రవం ఇంకిపోతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది, చల్లగా ఉంటే ఆ నిరోధం ఇంకా ఎక్కువ, కాస్త వేడెక్కితే తగ్గుతుంది. పొద్దున రాకపోవడం, నాలుగుసార్లు నొక్కాక రావడం, ఆ తర్వాత రోజంతా రావడం, అంతా ఇక్కడ సరిపోతుంది. పవర్ సప్లైలకి కొలతలు నిర్ణయించే ఏటీఎక్స్ ప్రమాణం పాత వెర్షన్ల ప్రకారం 12 వోల్టుల లైన్ 11.4కి, 12.6కి మధ్య ఉండాలి, వోల్టేజీలన్నీ కుదురుకున్నాక 100 నుంచి 500 మిల్లీసెకన్లలో "పవర్ గుడ్" అనే సిగ్నల్ మదర్‌బోర్డుకి అందాలి. ముసలి కెపాసిటర్లు చలిలో ఈ గడువు తప్పుతాయి. గోడ స్విచ్ ఆపిన రాత్రుల తర్వాతే మొరాయించి, స్విచ్ వేసి ఉంచిన రాత్రుల తర్వాత బాగానే వస్తుంటే అనుమానం ఇంకా బలపడుతుంది, ఎందుకంటే స్విచ్ వేసి ఉన్నంతసేపూ లోపల 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు నడుస్తూనే ఉంటుంది. పవర్ సప్లైని మీరు విప్పకండి, ప్లగ్ పీకేశాక కూడా పెద్ద కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత వోల్టేజీ నిలిచి ఉండొచ్చు. ఎవరిదైనా మంచి పవర్ సప్లై ఒక రాత్రికి అప్పు తెచ్చి, పెట్టి చూడండి.

ఇన్ని ఊహలు, ఇన్ని రాత్రులు, ఇంతమంది నిపుణులు ఎందుకసలు? ఆ మెషీన్‌నే అడిగితే పోలా? 1981 నాటి ఐబీఎం పీసీ అడగకుండానే చెప్పేది. అంతా బాగుంటే ఒక చిన్న బీప్, డిస్‌ప్లే దగ్గర తేడా ఉంటే ఒక పొడుగు బీప్, రెండు పొట్టి బీప్‌లు. ఇవాళ్టి బోర్డుల మీద కూడా చాలావాటికి స్పీకర్ తగిలించే నాలుగు పిన్నులు ఉన్నాయి, స్పీకర్ మాత్రం సాధారణంగా బోర్డుతో ఇవ్వరు. వేలిగోరంత వస్తువు! పోస్ట్ ఎక్కడ ఆగిందో ఆ కోడ్‌ని బోర్డు లోలోపల రాసుకుంటూనే పోతుంది, దాన్ని మనకు చూపించే రెండంకెల డిస్‌ప్లే ఎక్కువగా ఖరీదైన బోర్డులకే. కాస్త దయగలవాళ్లు సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (డిస్క్) అని నాలుగు చిన్న దీపాలు పెడతారు, చాలా చవక బోర్డుల్లో అవీ ఉండవు. కానీ రంగురంగుల లైట్లు పెట్టడానికి చోటుంది! ర్యామ్‌కి లైట్లు, ఫ్యాన్‌కి లైట్లు, బోర్డు అంచుకి లైట్లు, కోటిన్నరకు పైగా రంగుల్లో మెరుస్తాయి, ఆ రంగుల్లో ఒక్కటి కూడా "ర్యామ్ దగ్గర ఆగిపోయాను" అని చెప్పదు. ఇది మరిచిపోవడం కాదు, లెక్క చూసుకుని చేసిన పని. ఖరీదైన బోర్డు కొనగలిగినవాడికి ఇంకో మెషీన్ కూడా ఉంటుంది, పొద్దున్నే ఒకటి రాకపోతే రెండోది ఆన్ చేసుకుంటాడు. ఉన్న ఒక్క చవక మెషీన్ మీద చదువుకునేవాళ్లు, దాని మీదే పని చేసుకుని బతికేవాళ్లు ఎక్కడ ఆగిపోయిందో తెలియక నల్లతెర ముందు కూర్చోవాలి. రోగం చెప్పగలిగే నోరు ఎవరికి అవసరమో వాళ్లకే కుట్టేశారు. సిగ్గుండాలి.

ఆ నోరు లేదు కాబట్టే కదా చివరి తీర్పు అంత ధైర్యంగా ఇవ్వగలుగుతున్నారు: "మదర్‌బోర్డు పోయింది సార్." కొలిచింది లేదు, మార్చి చూసింది లేదు. ఈ మోడల్ బోర్డు ఇప్పుడు దొరకదు, కొత్త బోర్డుకి పాత ప్రాసెసర్ సాకెట్ సరిపోదు, పాత తరం డీడీఆర్4 ర్యామ్ కొత్త తరం డీడీఆర్5 స్లాట్‌లో దూరదు, కాబట్టి బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ కొత్తవి కొనండి. ఇంకా ఏళ్ల తరబడి నడవాల్సిన భాగాలు చెత్తలోకి పోతాయి. కొత్త సెట్ ఇంటికొస్తుంది, ఆన్ చేస్తారు, నల్లతెర! గుండె ఆగినంత పనవుతుంది. డీడీఆర్5 బోర్డు మొదటిసారి ర్యామ్‌తో కుదుర్చుకోవడానికి నిమిషాలు పట్టొచ్చు, మెమరీ ట్రైనింగ్ అంటారు, అది మామూలే. అప్పటిదాకా పడ్డ అనుభవంతో యజమాని భయపడి బటన్ నొక్కి ఆపేస్తాడు, ట్రైనింగ్ మళ్లీ మొదటి నుంచి. ఎలాగో ఆ గండం గడుస్తుంది. వారం తర్వాత ఒక చల్లటి పొద్దున మళ్లీ నల్లతెర, నాలుగుసార్లు నొక్కితే గానీ రాదు. నిపుణుడికి ఫోన్ చేసి, అన్నీ కొత్తవే వేశారు కదండీ అని అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది: "అన్నీ కొత్తవే సార్. ఒక్క పవర్ సప్లై మాత్రం, ఫ్యాన్ బాగానే తిరుగుతోంది కదా, మీకు ఖర్చెందుకని పాతదే పెట్టేశాను."