మూడు గంపల త్రిపిటకం గారికి

అయ్యా,

మీరు బౌద్ధుల పాలి గ్రంథాలున్న మూడు పిటకాలనీ, పిటకమంటే గంప అనీ తెలిసి గంపెడాశతో మీ దగ్గరికి వచ్చాను. నాకు కావలసింది కాలామ సుత్తం అనే బుద్ధుడి ఉపదేశం ఒక్కటే. వాళ్లూ వీళ్లూ చెప్పారనో, తరతరాలుగా వస్తోందనో, గురువుగారి మాటనో దేన్నీ నమ్మేయొద్దని కేసపుత్త అనే ఊళ్లో బుద్ధుడు చెప్పిన పది మాటలు అందులోనే ఉన్నాయి కదా. మీ అంగుత్తర నికాయం అనే సంకలనంలో సరుకంతా అంకెల లెక్కన ఒకటి నుంచి పదకొండు దాకా సర్ది ఉంటుందన్నారు. పది మాటలు కదా అని పదుల నిపాతం, అంటే పదుల భాగం, తీశాను. లేదు. పూటంతా వెతికితే మూడుల నిపాతంలో దొరికింది. అదేమంటే లోభం, దోసం (ద్వేషం), మోహం మూడు కాబట్టట! పోపులపెట్టెలో కమ్మలు దాచే మా అమ్మ దగ్గర కూడా ఇంతకంటే మంచి కారణం ఉంటుంది.

మిగతా సర్దుడైనా తిన్నగా ఉందా? పొడుగు సుత్తాలు 34 దీఘ నికాయంలో, మధ్యరకానివి 152 మజ్ఝిమ నికాయంలో. బట్టల కొట్లో లార్జ్, మీడియం అన్నట్టు! ఖుద్దకం అని ఇంకో నికాయం, ఆ మాటకి చిన్నది అని అర్థం. దానిలోనేమో ధమ్మపదం, థేరీగాథలు, 547 జాతకాలు, ఇంకా బోలెడు. సింహళంలో 15 పుస్తకాలు, బర్మాలో 18. ఇంట్లో అందరికంటే లావుపాటివాణ్ణి 'చిన్నోడా' అని పిలిచినట్టుంది. అందులోనే పెద్ద భిక్షువుల పద్యాలైన థేరగాథల్లో ఒక్క గాథ చెప్పిన భిక్షువులు ముందు వరసలో కూర్చున్నారు. గాథల మీద గాథలు అల్లిన వంగీసుడు పాపం ఆఖరున.

ఇక ఆ 'పే' సంగతి. చదువుతూ చదువుతూ ఉంటే వాక్యం మధ్యలో చుక్కలు, 'పే', మళ్లీ చుక్కలు. మొదట డబ్బులడుగుతున్నారేమో అనుకున్నాను. పేయ్యాలమట. 'ఇందాక చెప్పిందే, నువ్వే కలుపుకో' అని. సంయుత్తం అనే మరో నికాయంలో ఎన్ని సుత్తాలున్నాయో లెక్క తేలకపోవడానికి సగం కారణం ఇదే. అట్ఠకథ, అంటే పాత వ్యాఖ్యానం, 7762 అంటుంది, అచ్చు పుస్తకాల్లో అందులో సగం కూడా కనిపించవు.

విషయసూచిక ఉందా అంటే ఉంది, ప్రతి వర్గానికీ చివర! ఉద్దానమట. సంయుత్తం మొదటి వర్గం చివర చూడండి: 'ఓఘం, నిమోక్ఖం, ఉపనేయ్యం...' అంటూ సాగి 'అరఞ్ఞే దసమో వుత్తో' దగ్గర ఆగుతుంది. పైకి చదివితే అచ్చం మా తాతయ్య 'ప్రభవ, విభవ, శుక్ల' వల్లించినట్టే ఉంది. అక్కడ కొంచెం తగ్గాను. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో, వట్టగామణి రాజు కాలంలో, సింహళంలో పుస్తకాలకెక్కేదాకా మీరున్నది భాణకుల, అంటే కంఠస్థం చేసి వల్లించే భిక్షువుల, నోళ్లలో. దీఘం ఒకరి నోట, మజ్ఝిమం ఇంకొకరి నోట. నోటికి పేజీ నంబరేముంటుంది?

తగ్గానన్నాను గానీ, ఒకటి మాత్రం వదలను. మీ మూడో గంప అభిధమ్మంలోని కథావత్థు అనే పుస్తకంలో ప్రత్యర్థుల వాదాలన్నీ పేరు చెప్పకుండా ఉతికి ఆరేశారు. తరవాత అట్ఠకథ తీరిగ్గా చెప్పింది, అందులో చాలా వాదాలు అంధకులవని. అంటే మావాళ్లన్నమాట! మా కృష్ణ ఒడ్డు భిక్షువులు తిరిగి ఏమన్నారో కూడా ఏ గంపలోనైనా పెట్టి ఉండాల్సింది.

ఫిర్యాదు పైకి పంపుదామని కాలామ సుత్తం మళ్లీ తీశాను. ఆ పదింటిలో ఒకటి 'మా పిటకసంపదానేన'. పిటకంలో ఉంది కదా అని నమ్మొద్దట. మీ గంపలో మీరే ఈ చీటీ పెట్టుకున్నాక ఇంకెవరికి చెప్పుకోను?

ఇట్లు,
పదుల నిపాతంలో పూట పోగొట్టుకున్నవాడు