బొగ్గు పొడిని తిడుతున్నాం సరే, మసి సంగతేంటి?

వైజాగ్ గాలి గురించి ఎవరు పోస్ట్ పెట్టినా కింద ఒకటే గోల: పోర్టులో బొగ్గు గుట్టలు, వాటి మీద కప్పని టార్పాలిన్లు. పాత నగరం వైపు ఉండేవాళ్ల కోపం న్యాయమైనదే. ఆరేసిన బట్టలు దులపకుండా మడతపెట్టలేని బతుకు వాళ్లది. కానీ ఆ నల్ల పొడి వేరు, మసి వేరు. బొగ్గు దుమ్ములో పెద్ద రేణువులే ఎక్కువ. చాలావరకు ముక్కు, గొంతు దగ్గరే ఆగిపోతాయి. కప్పితే, నీళ్లు చల్లితే తగ్గుతుంది కూడా.

మసి నిప్పులోనే పుడుతుంది. డీజిలో, కట్టెలో, చెత్తో సరిపడా ఆక్సిజన్ అందక అరకొరగా కాలినప్పుడు ఇంధనం ముక్కలై, ఆ ముక్కలు కార్బన్ వలయాలుగా అతుక్కుని, చిన్న గుండ్లుగా మారి గొలుసు కడతాయి. ఒక్కో గుండు వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు. దాంతోపాటే బెంజోపైరీన్ లాంటి విషాలూ వస్తాయి. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లోనే తేల్చింది. పోర్టును తిట్టిన నోటితోనే భోగి మంటలో పాత టైర్లు వేయించే పెద్దమనుషులు ఇది కాస్త చదవాలి.

గాలిలోకి వచ్చాక మసి ఊరికే ఉండదు. కొత్త మసికి నీళ్లంటవు. రిఫైనరీ, థర్మల్ ప్లాంటు, ఓడలు వదిలే సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో సల్ఫేటుగా మారి దాని మీద పూతలా పేరుకుంటుంది. నైట్రేట్లూ తోడవుతాయి. పూత పట్టిన రేణువు ముడుచుకుని, తేమ పీల్చి, ఎండను ముందుకంటే ఎక్కువ తాగుతుంది. మన ఊళ్లో తేమకు కరువేముంది! వాన కడిగేదాకా కొన్ని రోజులు గాలిలోనే తిరుగుతుంది.

అందుకే "సముద్రపు గాలి అంతా ఊడ్చేస్తుందిలే" అంటే నాకు ఒళ్లు మండుతుంది. రాత్రి నేలగాలి సముద్రం మీదికి తోసిన దాంట్లో కొంత పగటిగాలితో మళ్లీ మన మీదికే వస్తుంది. చలికాలం తెల్లవారుజామున పైన వెచ్చటి గాలి కమ్మేస్తే, కొండల మధ్య పొగ ఎటూ కదలదు.

ఇంతకీ దీన్ని కొలుస్తున్నామా? 2009 జాతీయ ప్రమాణాల్లో 12 కాలుష్యకాలున్నాయి, మసికి విడిగా హద్దు లేదు. 2019లో మొదలైన స్వచ్ఛ గాలి కార్యక్రమంలో మన నగరమూ ఉంది, అక్కడా ముఖ్యంగా చూసేది పీఎం10 (మిల్లీమీటరులో వందో వంతు లోపు ధూళి) అంకెనే. అది బరువు లెక్క, మసికేమో బరువు తక్కువ. రోడ్లు తడిపి ఆ అంకె దించొచ్చు, లారీ గొట్టం మాత్రం అలాగే కక్కుతుంది. 2020 నుంచి వచ్చిన బీఎస్6 (వాహనాల పొగకు కొత్త హద్దులు) డీజిల్ లారీలకు మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. గాజువాక రోడ్డు మీద తిరిగే పాతవాటికి ఏముంది?

గాలిని పీల్చి, ఫిల్టర్ కాగితం మీద పడిన మసి ఎంత వెలుతురును అడ్డుకుంటుందో చూసి లెక్కగట్టే యంత్రాలు ఎప్పటినుంచో ఉన్నాయి. పోర్టు రోడ్డులో ఒకటి, గాజువాకలో ఒకటి పెట్టి, గంటగంటకీ ఆ అంకె బోర్డు మీద వేయండి. ఎవరి పొగ ఎంతో అప్పుడు తేల్చుకుందాం.