స్పీడు తగ్గించమంటే నవ్వుతారేంటండీ

ఇప్పుడే మెకానిక్ షెడ్డు నుంచి వచ్చాను. తిక్క ఇంకా దిగలేదు.

ట్రయల్స్ అనే బైకు ఆటకి తయారు చేసుకుంటున్న నా పాత రాజ్‌దూత్ బండికి వెనక స్ప్రాకెట్, అదే చైను తిరిగే పళ్ళచక్రం, పళ్ళు ఎక్కువున్నది వెయ్యమన్నాను. "స్పీడు తగ్గిపోద్ది కదండీ" అన్నాడు. తగ్గాలనేనయ్యా అన్నాను. "ఆయ్, డబ్బులిచ్చి మరీ తగ్గించుకుంటారన్నమాట" అని టీ తాగుతున్న వాళ్ళ వైపు తిరిగాడు. మన గోదావరి వాళ్ళకి ఎటకారానికి సందు దొరికితే వదుల్తారా? ఒకాయనైతే "ఇంజనే తీయించెయ్యండి, పెట్రోలు మిగుల్తుంది" అన్నాడు.

పక్కనే ఒక కుర్రాడు కొత్త బండికి వేలు పోసి మోత సైలెన్సర్ బిగించుకుంటున్నాడు. ఊళ్ళో పసిపిల్లలు నిద్రలేచి ఏడ్చేదాకా రైజ్ చేసి చూసుకున్నాడు. వాణ్ణి ఒక్కడూ ఏమీ అనలేదు. వాడిది మోడిఫికేషన్, నాది పిచ్చి.

ట్రయల్స్ అంటే రేసు కాదండీ బాబూ. రాళ్ళు, బురద, గట్లు అన్నీ కాలు కింద పెట్టకుండా దాటాలి. ఒకసారి పెడితే 1 పాయింటు, రెండుసార్లకి 2, ఆపైన ఎన్నిసార్లు పెట్టినా 3, దాటలేక చతికిలబడితే 5. తక్కువ పాయింట్లున్నోడే గెలిచినట్టు. స్కాట్లాండులో 1909లో మొదలైన పోటీ ఒకటుంది, ఇప్పుడది ఆరు రోజులు జరుగుతుంది. 1965లో శామీ మిల్లర్ అనే రైడరు 250 సీసీ బుల్టాకో బండి మీద అక్కడ గెలిచాడు. అదీ మన రాజ్‌దూత్ లాగే టూ స్ట్రోకే! ఇప్పుడు పాత బళ్ళకి విడిగా ఒక క్లాసు ఉంది. వెనక రెండు షాకబ్జర్లు, గాలికి చల్లబడే ఇంజను, డ్రమ్ బ్రేకులు ఉండాలట. అక్కడ ఇవి అర్హతలు. ఇక్కడ ఇవే ఉంటే డొక్కు బండి.

"మనకి కొండలెక్కడున్నాయండీ" అని ఇంకో తెలివైన ప్రశ్న. వానాకాలంలో మా పుంత దారిలోకి రండి సార్. రేగడి మట్టి టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య కూరుకుపోయి, చక్రం తిరగడం మానేసి చెక్కబల్లలా ఈడ్చుకొస్తుంది. పుల్ల పెట్టి పొడుచుకుంటూ కూర్చోవాలి. అందుకే మడ్‌గార్డు పైకి లేపించాను. నిలబడి నడపాలి కాబట్టి ఫుట్‌రెస్టులు కిందకీ వెనక్కీ జరిపించాను. వెనక టైరులో గాలి బాగా తగ్గించాను. రిమ్ములో టైరు జారకుండా లాక్ వేయించకపోతే ట్యూబు వాల్వు పీక్కుపోతుంది, అది వేరే తంటా. అసలీ బండే రొయ్యల చెరువు షెడ్డులో మేత బస్తాల కింద దొరికింది నాకు.

మా లంకల్లో పాలాయన అటొక క్యానూ ఇటొక క్యానూ కట్టుకుని, పంటబోదె మీద వేసిన తాటిదుంగ మీదుగా బండి దాటించేవాడు. కాలు కింద పెడితే బోదెలోకే. స్కాట్లాండు లెక్కలో ఆయనకి సున్నా పాయింట్లు, అంటే ఫస్టు ప్రైజు. మనూళ్ళో మాత్రం పాలు పల్చగా ఉన్నాయని తిట్లు.

అయినా షెడ్డు వాళ్ళననుకుని ఏం లాభం, మా ఇంట్లోనే ఉన్నారు మహానుభావులు. ఈ బండి కాదు, మా తాతయ్య రాజ్‌దూత్ ఇంకోటుండేది. దాన్ని పాత ఇనుము వాడికి కేజీల లెక్కన వేసేసింది ఎవరనుకున్నారు? మా బావగారు! పోలండు వాళ్ళ డిజైనుతో ఎస్కార్ట్స్ వాళ్ళు చేసిన బండి, ధాన్యం బస్తాలు మోసిన బండి, మా అక్క పెళ్ళికి కొబ్బరిగెలలు తెచ్చిన బండి. అంటే ఆయన పెళ్ళికే! నాకు ఒక్క ఫోన్ లేదు. అడిగితే "చోటు తినేస్తోంది బావా" అన్నారు. ఆ చోట్లో ఇప్పుడు ట్రెడ్‌మిల్ ఉంది. దాని మీద ఆయన లుంగీలు ఆరేస్తారు. అది చోటు తినదు పాపం, గాల్లో తేలుతుంది.

బావగారూ, మీరు లైకు కొట్టకుండా అన్నీ చదువుతారని నాకు తెలుసు. తాతయ్య ఆర్సీ, టూల్ కిట్టూ ఇంకా మీ బీరువాలోనే ఉన్నాయని అక్క చెప్పింది. ఆదివారం వస్తున్నాను, తీసి ఉంచండి. ఈలోగా వాటినీ కాటా ఎక్కించకండి.