డ్రైవ్ షాఫ్ట్ బూట్: ‘విప్పకుండానే అరగంటలో’ అన్న సలహా జాయింట్‌కే చేటు

"బూట్ చిరిగితే షాఫ్ట్ విప్పే పనే లేదు. పొడవునా చీలికతో వచ్చే బూట్ తెచ్చి చుట్టి, జిగురుతో అతికించి, చేతికందిన గ్రీజు కూరి, ప్లాస్టిక్ టై బిగించండి. అరగంటలో పని పూర్తి." కారు ఇంజన్ శక్తిని చక్రానికి చేర్చే కడ్డీ డ్రైవ్ షాఫ్ట్; దాని చివర వంగే జాయింట్‌ను, అందులోని గ్రీజునూ కప్పి ఉంచే ముడతల తొడుగే బూట్. దాని గురించి ఈ సలహా చాలాకాలంగా చేతులు మారుతూనే ఉంది. ఈ పని సొంతంగా చేసుకోవచ్చన్నది నిజమే. చెప్పిన పద్ధతే తప్పు.

‘విప్పే పనే లేదు.’ అసలు నష్టం ఇక్కడే. చిరుగులోంచి గ్రీజు బయటికి చిమ్ముతుంది, ఇసుకా నీళ్లూ లోపలికి చేరతాయి. చక్రం వైపు ఉండే ఔటర్ జాయింట్‌లో సాధారణంగా ఆరు బాల్స్, వాటిని పట్టి ఉంచే కేజ్ ఉంటాయి. ఇసుక కలిసిన గ్రీజు వాటిని సానరాయిలా అరగదీస్తుంది. విప్పి కడగకుండా కొత్త బూట్ తొడిగితే ఆ ఇసుకకు మూత పెట్టినట్టే.

విప్పడం బ్రహ్మవిద్యేమీ కాదు. చక్రం నేల మీద ఉండగానే, షాఫ్ట్ చివరను చక్రం మధ్యలో పట్టి ఉంచే యాక్సిల్ నట్ వదులు చేయాలి. తర్వాత బండిని లేపి, స్టాండ్ మీద నిలిపి, చక్రం తీయాలి. సస్పెన్షన్ కింది భాగంలోని లోయర్ బాల్ జాయింట్ విడదీసి, చక్రం బిగించే హబ్‌ను బయటికి వంచితే షాఫ్ట్ చివరి పళ్లు (స్ప్లైన్లు) జారి వస్తాయి. బ్రేక్ గొట్టం మీద మాత్రం బరువు పడనీయకండి. షాఫ్ట్‌ను పట్టి లాగొద్దు, లోపలి జాయింట్ ఊడుతుంది. పాత బూట్ కోసేశాక లోపల చూడండి: కొన్ని జాయింట్లకు సర్క్లిప్‌ను (జాయింట్ జారకుండా పట్టే స్ప్రింగ్ రింగు) ప్లయర్‌తో విప్పాలి, కొన్ని ఇన్నర్ రేస్ (బాల్స్ లోపలివైపు ఉండే రింగు) మీద ఇత్తడి కడ్డీ పెట్టి తడితే వస్తాయి. కేజ్ మీద మాత్రం ఎప్పుడూ కొట్టకూడదు.

కడిగి పూర్తిగా ఆరబెట్టాక, స్ప్లైన్ల మీద టేపు చుట్టి ముందు చిన్న క్లాంప్‌నూ బూట్‌నూ షాఫ్ట్‌కు ఎక్కించండి. టేపు తీసి, కొత్త సర్క్లిప్ వేసి, ఆ తర్వాతే జాయింట్. తొందరలో ఈ వరుస మరిచిపోయి జాయింట్‌ను మళ్లీ ఊడదీసేవాళ్లు ఎందరో.

‘చేతికందిన గ్రీజు.’ ఔటర్ జాయింట్‌కు మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిసిన గ్రీజు కావాలి. బూట్ కిట్‌లో వచ్చే ప్యాకెట్ సరిగ్గా ఆ జాయింట్‌కు కొలిచింది: సగం బాల్స్ మధ్యకు వేలితో నొక్కి, మిగతాది బూట్‌లో వేయండి. ‘ఎక్కువైతే మంచిదే’ అనుకుని ఇంకా కూరితే బూట్ ఉబ్బి అంచుల దగ్గర కారుతుంది.

‘జిగురు, టై.’ గంటకు 100 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి సుమారు 870 సార్లు తిరుగుతుంది. స్టీరింగ్ తిప్పి ఉన్నంతసేపూ ప్రతి చుట్టుకూ ఆ అతుకు సాగుతుంది, ముడుచుకుంటుంది. అంచుకు రవ్వంత గ్రీజు అంటినా జిగురు పట్టదు. దారిలో చిక్కుకున్నప్పుడు ఇల్లు చేరడానికి అది పనికొస్తుంది, అంతవరకే. గట్టి ప్లాస్టిక్ బూట్‌ను ప్లాస్టిక్ టై అసలు అదిమి పట్టలేదు. చెవి ఉన్న స్టీల్ క్లాంప్‌ను దాని ప్లయర్‌తోనే నొక్కాలి. చిన్న క్లాంప్ బిగించే ముందు బూట్ అంచు కింద సన్నని మొద్దు పుల్ల దూర్చి, లోపల చిక్కిన గాలి వదలండి.

‘అరగంట.’ మొదటిసారి చేసేవాళ్లకు సగం రోజు పడుతుంది. యాక్సిల్ నట్ కొత్తది వేసి, మాన్యువల్ చెప్పిన టార్క్‌కు, అంటే బిగింపు బలానికి, బిగించాలి. కొన్ని కార్లలో అది 200 న్యూటన్ మీటర్లు దాటుతుంది, అందాజుగా బిగించేది కాదు.

చివరగా ‘బూట్ మారిస్తే టక్‌టక్ శబ్దం పోతుంది’ అన్న మాట. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలినప్పుడు ఆ శబ్దం వస్తే బాల్ దారులు ఇప్పటికే అరిగాయి. కడిగాక వాటిలో వేలిగోటికి గుంట తగిలినా, కేజ్ కిటికీల్లో బాల్ వదులుగా ఆడినా బూట్ కిట్ కొనకండి, జాయింటే మార్చండి.