సవరణ: కళ్ల కింద ఉబ్బుకి ఐస్ పెట్టడం గురించి

కళ్ల కింద ఉబ్బు తగ్గాలంటే పొద్దున్నే ఐస్ పెట్టమని మొన్న రాసిన దానికి ఒక సవరణ. ఐస్ ముక్కని నేరుగా ఆనించకూడదు. అక్కడి చర్మం మరీ పల్చన, కమిలిపోతుంది. చన్నీళ్లలో ముంచి పిండిన మెత్తటి గుడ్డ కాసేపు వేసుకుంటే చాలు. రక్తనాళాలు కుంచించుకుని వాపు తాత్కాలికంగా తగ్గుతుంది, అంతే.

అసలు చూసుకోవాల్సింది రాత్రి కంచంలో ఏముందో. మన విశాఖలో ఎండుచేపల పులుసు, పక్కన ఆవకాయ, నంజుకోడానికి అప్పడం. ఉప్పు మీద ఉప్పు! ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది, పడుకున్నప్పుడు కళ్ల చుట్టూ చేరుతుంది. లేచి తిరిగితే మధ్యాహ్నానికి దిగేది అందుకే. ఎండుచేపల్ని వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి మళ్లీ కడిగితే కొంత ఉప్పు పోతుంది. తలకింద ఇంకో దిండు వేసుకోండి. బీచ్ రోడ్డు గాలికి కళ్లు దురద పెట్టినా నులమకండి.

వయసుతో కొవ్వు ముందుకు జారి ఏర్పడిన సంచులు మాత్రం ఏ చిట్కాకీ పోవు, కీరా ముక్కలకి అసలే పోవు. కాళ్లూ వాస్తున్నా, మూత్రంలో నురగ కనిపిస్తున్నా కిడ్నీ పరీక్ష చేయించుకోండి. ఒక్క కన్నే ఎర్రబడి నొప్పెడితే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.