సీలింగ్ స్పీకర్లకు జై

స్పీకర్ కంటికి కనపడకూడదని నాగరిక సమాజం తేల్చేసింది. టీవీ గోడంత ఉండొచ్చు, సోఫా గది నిండా పరుచుకోవచ్చు. పాట వినిపించే పెట్టె మాత్రం కంట పడితే ఇంటి పరువు పోతుంది. అందుకే దాన్ని సీలింగ్‌లోకి ఎక్కించారు. ఈ నిర్ణయాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను.

లాభాలు చూడండి. నేల మీద చోటు అడగదు. పిల్లలు కోన్‌లో, అంటే అదిరి శబ్దం చేసే గరాటులో, వేలు పెట్టి నొక్కలేరు. పైనుండే చిల్లుల మూతకి (గ్రిల్‌కి) సీలింగ్ రంగే వేసేస్తే అక్కడ స్పీకర్ ఉందన్నా ఎవరూ నమ్మరు. (రంగు పల్చగా వేయించండి, చిల్లులు పూడిపోతే పాట కూడా కనపడకుండా పోతుంది.) అటూ ఇటూ తిరుగుతూ వినేవాళ్లకి శబ్దం గదంతా ఇంచుమించు ఒకేలా అందుతుంది. కూర్చుని శ్రద్ధగా వినే దురలవాటు ఉన్నవాళ్లకే ఇబ్బంది.

సినిమాలో హీరోయిన్ తెర మీద ఏడుస్తుంటే ఏడుపు ఫ్యాన్ పక్కనుంచి వినిపిస్తుంది. పూర్వం అశరీరవాణి వినాలంటే తపస్సు చెయ్యాల్సి వచ్చేది, ఇప్పుడు రిమోట్ చాలు. సన్నని శబ్దాలు పలికే ట్వీటర్‌ని మనవైపు తిప్పుకునే మోడళ్లూ ఉన్నాయి. దాంతో గొంతు నడినెత్తి నుంచి నుదుటి దాకా దిగుతుంది. తెర దాకా దిగదు.

మామూలు స్పీకర్‌కి వెనక పెట్టెలో ఎంత గాలి ఉండాలో లెక్కగట్టి మరీ చేస్తారు. సీలింగ్ స్పీకర్లలో చాలావాటికి ఆ పెట్టే ఉండదు. జిప్సం బోర్డు పైన మిగిలిన ఖాళీయే పెట్టె. అంటే ఇంజనీరు తల బద్దలు కొట్టుకోవాల్సిన పనిని సీలింగ్ మేస్త్రీ వదిలేసిన సందుకి అప్పగించామన్నమాట. బేస్ కాస్త పెంచితే పక్కనున్న లైటు గడగడలాడుతుంది, పై గదిలో పడుకున్నవాళ్లకి పాట ఉచితం. దీనికి విరుగుడుగా బ్యాక్ బాక్స్ విడిగా అమ్ముతారు. కనపడని వస్తువుకి కనపడని డబ్బా, కనపడే బిల్లు.

డాల్బీ అట్మాస్ మాటేమిటంటారా? 2012లో థియేటర్లకి, 2014లో ఇళ్లకి వచ్చిన ఈ సౌండ్ పద్ధతిలో వాన, హెలికాప్టర్ పైనుంచే వినపడాలి. అక్కడ సీలింగ్ స్పీకర్‌కి తిరుగులేదు. 5.1.2 అని రాసే స్పీకర్ల లెక్కలో చివరి 2 అవే. ఆ లెక్కలో మొదటి అంకె చెప్పే అయిదు స్పీకర్లూ, బేస్ కోసం ఒక సబ్‌వూఫరూ కిందే ఉండాలన్న సంగతి మాత్రం సీలింగ్ కోసేదాకా ఇంట్లో చెప్పకండి.

వైర్లు సీలింగ్ మూయకముందే లాగించాలి. ఇల్లు మారేటప్పుడు స్పీకర్లు ఊడదీసుకుని వెళ్లొచ్చు. రంధ్రాలు తర్వాత వచ్చేవాళ్లకి. వాళ్లు లైట్లు పెట్టుకుంటారు.