ఎక్కడ చస్తే లాభం?

పిల్లకు సంబంధం చూసేముందు నలభై జాతకాలు తిరగేస్తాం. స్థలం కొనేముందు పది వెంచర్లు తొక్కి వస్తాం. ఎల్లకాలం ఉండాల్సిన పరలోకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పుట్టింట్లో ఏది చెబితే అదే ఖాయం. ప్రజాహితం కోరి పాత ఈజిప్టునూ పాత రోమునూ పక్కపక్కన పెట్టి నేనే బేరీజు వేశాను.

ముందు ఈజిప్టు. అక్కడ పోయినవాడి గుండెను తక్కెడలో ఒక సిబ్బెలో, సత్యానికి దేవత అయిన మాఅత్ ఈకను రెండో సిబ్బెలో పెడతారు. నక్క తల దేవుడు అనుబిస్ తూకం చూస్తాడు, లేఖక దేవుడు థోత్ రాసుకుంటాడు (మన చిత్రగుప్తుడి ఉద్యోగమే, కాకపోతే తల కొంగది). గుండె బరువు ఎక్కువైతే అమ్మిత్ అనే రాక్షసి మింగేస్తుంది: మొసలి తల, సింహం ముందుభాగం, నీటిగుర్రం వెనకభాగం.

భయపడకండి, అన్నిటికీ ఏర్పాట్లున్నాయి. 42 మంది దేవతల ముందు 'దొంగతనం చెయ్యలేదు, తూకంలో మోసం చెయ్యలేదు' అని అప్పజెప్పాల్సిన పాఠం పాపిరస్ చుట్టల మీద రాసిపెట్టి దొరికేది. పేరు దగ్గర ఖాళీ వదిలిన చుట్టలూ ఉండేవి. అంటే సచ్ఛీలత ధ్రువపత్రం ముందు తయారయ్యేది, సచ్ఛీలుడు తరవాత వచ్చి పేరు పూరించేవాడు. తీరా తూకం వేళకు గుండె నిజం కక్కితే? దానికీ మందుంది. మమ్మీ ఛాతీ మీద పేడపురుగు ఆకారంలో రాయి పెట్టి, నాకు ఎదురు సాక్ష్యం చెప్పొద్దని గుండెను బతిమాలే మంత్రం దాని మీద చెక్కేవారు.

నా మనసు దోచింది మాత్రం షబ్తి బొమ్మలు. పరలోకాన్ని ఏలే ఒసైరిస్ దేవుడి రాజ్యంలో కూడా చేలకు నీళ్లు పెట్టాలి, ఇసుక తూర్పు నుంచి పడమరకు మోయాలి. (ఇసుక రవాణా అక్కడా తప్పలేదు.) పనికి పిలుపు వస్తే యజమాని బదులు 'ఇదిగో, నేనున్నా' అనడానికే ఈ బొమ్మలు. ఇరవై నిండకుండా పోయిన ఈజిప్టు రాజు టూటన్‌ఖామున్ సమాధిలో 413 దొరికాయి. రోజుకొకడు చొప్పున 365 మంది కూలీలు, పదిమందికో మేస్త్రీ లెక్కన 36, నెలకొకడుగా పెద్ద మేస్త్రీలు 12. ఇంతటి హాజరుపట్టీ బతికున్నవాళ్ల ఆఫీసుల్లో నేను చూడలేదు.

ఖర్చే ఇబ్బంది. శవాన్ని భద్రం చేసేవాళ్లు చెక్క నమూనాలు చూపించి మూడు రేట్లు చెప్పేవారని పాతకాలపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు, చీరల కొట్లో పరిచి చూపించినట్టు. మొదటి రకంలో మెదడును ఇనపకొక్కెంతో ముక్కులోంచి లాగేసేవారు. గుండెను మాత్రం ఒంట్లోనే ఉంచేవారు. పరలోకంలో మెదడుతో పనిలేదని వాళ్ల లెక్క. ఇక్కడ మాత్రం ఎంత వాడాం గనక!

రోము చవక. శవం నోట్లో ఒక నాణెం పెడితే చాలు, పరలోకపు పడవవాడు కేరన్ ఏరు దాటిస్తాడు. ఫిబ్రవరిలో తొమ్మిది రోజులు సమాధుల దగ్గర నైవేద్యాలు. కొన్ని గోరీల్లోకి ద్రాక్షసారా పొయ్యడానికి గొట్టాలు కూడా దింపారు. మే నెల వచ్చేసరికి మర్యాద మారిపోతుంది. అర్ధరాత్రి ఇంటిపెద్ద చెప్పుల్లేకుండా లేచి, వెనక్కి చూడకుండా నల్ల చిక్కుళ్లు విసిరి, కంచు మోగించి, 'పితృదేవతలారా, ఇక దయచెయ్యండి' అని తొమ్మిదిసార్లు అనాలి.

అంత్యక్రియలకు చీటీలు కూడా కట్టారు. లనూవియమ్ ఊళ్లో క్రీ.శ. 136 నాటి సంఘం నిబంధనలు రాతి మీద మిగిలాయి. చేరడానికి 100 సెస్టెర్సులు (రోము నాణేలు), పైన ఒక జాడీ మంచి ద్రాక్షసారా. మంచిది అన్న మాట కూడా చెక్కించారు, అనుభవం ఉన్నవాళ్లు. పోయినవాడికి వచ్చే 300లో 50 చితి దగ్గరికి వచ్చినవాళ్లకు పంచాలి. ఊరికే ఏడవడానికి ఎవరొస్తారు?

రోములో చావు ఖర్చు మీద ఆఖరి మాట వెస్పాసియన్ చక్రవర్తిది. మూత్రం మీద కూడా పన్ను వేసిన మనిషి. ఆయన శవయాత్రలో ఆయన ముఖం ఉన్న ముసుగు తగిలించుకుని, ఆయనలా నటిస్తూ నడిచిన హాస్యనటుడు దారిలో ఆగి, ఈ తంతుకు ఎంతవుతోందని అధికారుల్ని అడిగాడు. కోటి సెస్టెర్సులన్నారు. 'ఓ లక్ష నా చేతిలో పెట్టి, నన్ను టైబర్ నదిలో పారెయ్యండి' అన్నాడు.